రొయ్య అడుగున ఉంటదిరా

మా రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉండే మామకు నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో చూపించే డీఓ మీటర్ చూడటం రాదు. రాత్రి రెండింటికి ఒకసారి, నాలుగింటికి ఒకసారి లేచి టార్చి పట్టుకుని గట్టు చుట్టూ నడుస్తాడు. నీళ్ల మీద లైటు వేస్తే రొయ్యల కళ్లు ఎర్రగా మెరుస్తాయి. అవి గుంటంతా అక్కడొకటి ఇక్కడొకటి కనిపిస్తే వచ్చి మళ్లీ మంచమెక్కుతాడు. గట్టు వారన గుంపులుగా కనిపిస్తే జనరేటర్ షెడ్డు వైపు పరిగెత్తుతాడు. ఆయన దగ్గరున్న టెక్నాలజీ అంతే. నేనేమో బీటెక్ ఏఐ-ఎంఎల్ మూడో ఏడాది కుర్రాణ్ని. మినీ ప్రాజెక్టు పేరుతో ఆ టార్చికి పోటీగా సెన్సర్ పెట్టాను. ఎవరు గెలిచారో ముందే చెప్పేస్తున్నా, మామే గెలిచాడు. ఎందుకు గెలిచాడో తెలిశాక నా చదువు మీద నాకు పుట్టిన అనుమానాల గురించే ఈ వ్యాసం.

మాది నెల్లూరు నుంచి మైపాడు బీచ్‌కు పోయే దారిలో, గాలి మళ్లితే సముద్రం వాసన తగిలే ఊరు. నాయన మూడెకరాలు లీజుకు తీసుకుని రెండు గుంటల్లో వనామీ రకం రొయ్య వేస్తాడు. సొంతంగా ఎకరం పొలముంది, అందులో వరి. వరి తిండికి, రొయ్యలు ఫీజులకు అని అమ్మ లెక్క.

రొయ్యల సాగు తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌నే మేము డీఓ అంటాం. 30 డిగ్రీల వేడిలో మంచినీళ్లు గాలి నుంచి లీటరుకు సుమారు ఏడున్నర మిల్లీగ్రాములే పట్టుకోగలవు. ఉప్పు కలిసేకొద్దీ అది ఇంకా తగ్గుతుంది. మనం పీల్చే గాలిలో ఐదో వంతు ఆక్సిజనే కాబట్టి మనకు ఆ లేమి ఎలా ఉంటుందో తెలియదు, రొయ్యది మాత్రం రోజూ అరకొర సరుకుతో సంసారం. మీటర్ నాలుగుకు పైన ఉంటే నిశ్చింత, మూడు కిందకు దిగితే టెన్షన్. పగలు నీళ్లలోని సన్నటి నాచు ఎండ తాగి ఆక్సిజన్ వదులుతుంది. రాత్రయితే అదే నాచు రొయ్యలతో పోటీపడి ఆక్సిజన్ పీల్చుకుంటుంది. అందుకే పొద్దు పొడిచే ముందు గుంటకు ఊపిరాడని వేళ. రొయ్యల రైతుకు నిద్ర పట్టకపోవడానికి అప్పులు ఎంత కారణమో కిరణజన్య సంయోగక్రియ కూడా అంతే కారణం. ఆ సంయోగక్రియ గురించి నేను హైస్కూల్లో బొమ్మతో సహా ఎన్నోసార్లు రాశాను. ఇంటి వెనకాల గుంటలో రాత్రింబవళ్లు జరిగేది అదేనని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

మా వైపు పిల్లలకు చిన్నప్పుడు కల అంటే ఒకటే, రాకెట్. శ్రీహరికోట మాకు దక్షిణాన ఎనభై, తొంభై కిలోమీటర్లు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు సూళ్లూరుపేట తిరుపతి జిల్లాకు పోయింది గానీ, రాకెట్ మాత్రం మా మిద్దె మీదికి ఎప్పట్లాగే కనిపిస్తుంది. "పెద్దయ్యాక ఏమవుతావురా?" అని అడిగితే "ఇస్రో సైంటిస్ట్" అనని పిల్లాడు మా క్లాసులో లేడు. వాళ్లలో ఇప్పుడు ఫిజిక్స్ చదువుతున్నవాడు ఒక్కడూ లేడు, నాతో సహా.

2025 మే 18న సెలవులకు వచ్చి నాయనతో గట్టు మీద ఉన్నాను. ఉదయం 5:59. మీటర్ 3.4 చూపిస్తోంది. దక్షిణాన పీఎస్ఎల్వీ సీ61 లేచింది. నిప్పు గీత, దాని వెనక తెల్లటి తోక, చాలాసేపటికి ఉరుము లాంటి చప్పుడు. మామ దండం పెట్టాడు. మాకు కనిపించినంతవరకూ బ్రహ్మాండంగా పోయింది. ఇంటికొచ్చి టీవీ పెడితే, మూడో దశలో తేడా వచ్చి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టలేకపోయామని ఇస్రో ఛైర్మన్ చెబుతున్నారు. మా కళ్లకు అందేది మొదటి దశ, మహా అయితే రెండోది. అసలు తేడా వచ్చింది మేము చూడటం మానేసి చెప్పులు వేసుకున్నాక.

ఇంటర్‌లో చేరాక రాకెట్ కుర్చీలో సీఎస్ఈ వచ్చి కూర్చుంది. చాట్‌జీపీటీ వచ్చింది 2022 నవంబరు 30న. నేనప్పుడు ఇంటర్ రెండో ఏడాది, ఫోను ముట్టుకోనివ్వని హాస్టల్లో ఉన్నా. ప్రపంచమంతా దాని గురించి మాట్లాడుకుంటుంటే మేము స్టడీ అవర్‌లో ఇంటిగ్రేషన్ బిట్లు కొడుతున్నాం. సంక్రాంతికి ఇంటికొస్తే బాబాయి కొడుకు చూపించాడు. ఒక లెక్క అడిగాను. తప్పు చెప్పింది, కానీ ఎంత ధైర్యంగా చెప్పిందంటే నేను నా జవాబునే మళ్లీ సరిచూసుకున్నా. ఆ ఏడాదే ఎంసెట్ కౌన్సెలింగ్‌లో ఏఐ-ఎంఎల్ సీటు. ఆ పేరు చూసి అమ్మ కళ్లలో వెలుగు. ఏఐ అంటే ఏందో తెలియకపోయినా, టీవీలో రోజూ వినిపించే మాట కొడుకు సర్టిఫికెట్ మీద ఉంటుంది కదా.

ఇక ప్రాజెక్టు. ఆన్‌లైన్‌లో ఒక డీఓ సెన్సర్ కొని, చిన్న కంట్రోలర్ బోర్డుకు కలిపి, థర్మాకోల్ ముక్కకు కట్టి గుంటలో వదిలాను. పది నిమిషాలకోసారి రీడింగ్ నా ఫోనుకు వస్తుంది. సెప్టెంబరంతా పోగుచేసిన రీడింగులతో మోడల్ తయారుచేశా. కోడ్ రాయడానికి రెండు రాత్రులు పట్టింది, అందులో సగం పైన ఏఐయే రాసిపెట్టింది. ఇప్పటి రీడింగులు ఇస్తే పది నిమిషాల తర్వాతి రీడింగ్ ఎంత ఉంటుందో అది చెబుతుంది. 98 శాతం కరెక్ట్ అని వచ్చింది. గైడ్ సార్ భుజం తట్టారు. "ఇది స్టార్టప్ అయిపోద్ది" అన్నాడు నా రూమ్మేట్. నేనూ పేరు వెతకడం మొదలుపెట్టా.

అక్టోబరు చివర్లో మొంథా తుఫాను. తీరం దాటింది అక్కడెక్కడో నరసాపురం వైపే అయినా, మా దగ్గరా ఎండ మొహం చూడకుండా వానలు కొట్టాయి. నేను ఇంట్లోనే ఉన్నా. ఒక రాత్రి కరెంటు పోయింది, గుంట నీళ్లను చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఆగాయి. రెండున్నరకు మామ వచ్చి తలుపు కొట్టాడు. "కళ్లు వారకొస్తన్నాయి. జనరేటర్ వేద్దామా?" నాయన నా వైపు చూశాడు. నేను ఫోను చూశాను. 5.1. పది నిమిషాల తర్వాత కూడా 5.1 అంటోంది.

"ఏం కాదు నాయనా, బాగానే ఉంది. ఇంకో గంట ఆగొచ్చు. డీజిల్ దండగ."

నాయన సరేనన్నాడు. ఆయన నా మాట విన్నది అదే మొదటిసారేమో. మామ ఏమీ అనకుండా టార్చి ఆర్పి వెళ్లిపోయాడు. నాలుగింటికి ముందే మళ్లీ కేకేశాడు. మేము వెళ్లేసరికి గట్టు పొడవునా రొయ్యలు పైకి తేలి, మీసాలు బయటపెట్టి కొట్టుకుంటున్నాయి. కొన్ని గట్టు మీదికే ఎగిరి పడుతున్నాయి. జనరేటర్ వేసి, ఆక్సిజన్ ట్యాబ్లెట్లు చల్లి, మిగిలినవాటిని కాపాడుకున్నాం. తర్వాతి రెండు రోజులు విసురువలతో చచ్చినవి తీశాం. దాదాపు రెండు క్వింటాళ్లు. నాయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది. ఆ పొద్దున నా ఫోనులో రీడింగ్ మాత్రం ఇంకా ఐదుకు దగ్గర్లోనే ఉంది.

మా పెదనాన్న కూతురు ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీలో చదువుతోంది. ఆ వారం చూడటానికి వచ్చింది. గట్టు మీద నిలబడి అంతా విని ఒకే ప్రశ్న అడిగింది.

"సెన్సర్ ఏడ కట్టావురా?"

"థర్మాకోల్‌కు కట్టానక్కా. జానెడు లోతులో ఉంటది."

"రొయ్య ఏడుంటది?"

నేను మాట్లాడలేదు.

"రొయ్య అడుగున ఉంటదిరా అబ్బాయ్."

వాన నీళ్లు ఉప్పు లేనివి, తేలిక. గుంటలో పడి పైనే పొరలా పరుచుకుంటాయి. కింద ఉప్పు నీళ్లు బరువుగా ఉండిపోతాయి. ఏరియేటర్లు తిరుగుతుంటే రెండూ కలుస్తాయి, ఆగితే కలవవు. పైపొరకు గాలి తగులుతుంది కాబట్టి దానికి లోటు లేదు. అడుగున మేత మిగుళ్లు, పెంట, చచ్చిన నాచు కుళ్లుతూ ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ తినేస్తాయి. పైగా మూడు రోజులు మబ్బు, నాచు తయారుచేసిందీ తక్కువే. నా సెన్సర్ అబద్ధం చెప్పలేదు. రొయ్యలు లేని చోట నీళ్లు ఎంత బాగున్నాయో నిజాయితీగా చెప్పింది. అక్క ఇదంతా వేలితో గట్టు మట్టి మీద బొమ్మ గీసి చెప్పడానికి మూడు నిమిషాలు కూడా పట్టలేదు. వాళ్లకు రెండో ఏడాదిలోనే చెబుతారట.

98 శాతం గుట్టు కూడా ఆ రాత్రే కూర్చుని విప్పాను. మోడల్‌ను పక్కనపెట్టి, "వచ్చే రీడింగ్ ఇప్పటి రీడింగే" అని ఒకే ఒక్క లైను రాశా. దానికీ దాదాపు అంతే మార్కులొచ్చాయి. పది నిమిషాల్లో గుంట నీళ్లు ఏం మారతాయి! ఇప్పుడున్నదే తర్వాతా ఉంటుందని చెప్పేవాడు మామూలు రోజుల్లో ఎప్పుడూ కరెక్టే. మనకు వాడితో పనిబడేది మారే రోజునే. సెప్టెంబరు ఎండల్లో నేర్చుకున్న మోడల్‌కు తుఫాను రాత్రి అంటే ఏమిటో తెలియదు. ఈ మాట మా క్లాసులో ఏ ప్రాజెక్టు రివ్యూలోనూ వినలేదు. అందరి స్లైడ్ల మీదా 97, 98, 99.

నా వాదన ఇక్కడ మొదలవుతుంది. కోడ్ ఈ రోజుల్లో చవకైపోయింది. నేను రెండు రాత్రుల్లో రాసిన దాన్ని, గుంట గురించి అంతా తెలిసిన మా అక్క ఏఐని అడిగి వారంలో రాయించుకోగలదు. ఆమెకు తెలిసింది నాకు వారంలో రాదు. అయినా ఊళ్లో అందరి లెక్కలో నేను "మంచి బ్రాంచి", ఆమె "చేపల చదువు". ఏఐ వల్ల ఉద్యోగాలు పోతాయా అని మా హాస్టల్లో రోజూ రాత్రి చర్చలు. నాకైతే వట్టి కోడ్ మాత్రమే తెలిసిన నాలాంటివాడి కాళ్ల కిందే నేల మెత్తగా ఉన్నట్టు అనిపిస్తోంది. ఏఐని నేను అడగనిదల్లా ఒకటే, సెన్సర్‌ను ఎంత లోతులో కట్టాలని. అడిగి ఉంటే బహుశా చెప్పేదే. అడగాలని తెలియడానికి అడుగు పొర అనేది ఒకటుందని ముందు నాకు తెలియాలి.

అది ఎందుకు తెలియలేదు? బయాలజీ పుస్తకం మూసేసేనాటికి నాకు పదిహేనేళ్లు. 2021లో కరోనా వల్ల మాకు పదో తరగతి పరీక్షలే జరగలేదు, అందర్నీ పాస్ చేశారు. అంటే దేంట్లో బాగున్నానో తేల్చే ఒక్క పరీక్ష కూడా రాయకుండానే ఎంపీసీయా, బైపీసీయా అని తేల్చుకున్నా. నిజానికి తేల్చుకున్నది నేను కూడా కాదు. కాలేజీ పీఆర్ఓ మా అరుగు మీద కూర్చుని "అబ్బాయికి లెక్కలు బాగా వచ్చంట కదా" అన్నాడు, అయిపోయింది. లెక్కలొస్తే ఇటు, బొమ్మలు బాగా గీస్తే అటు. బైపీసీకి పోయిన అక్క అప్పటినుంచి లెక్క ముట్టుకోలేదు. గ్రాఫ్ గీయాలంటే ఇప్పటికీ నాకు ఫోన్ చేస్తుంది. పక్కపక్క ఇళ్లలో పెరిగిన ఇద్దరం ఒకే గుంటలో చెరో సగం చదివాం.

సైన్స్ మాత్రం ఈ గోడను ఎప్పుడో దాటేసింది. 2024లో ప్రోటీన్ల ఆకారాన్ని కంప్యూటర్‌తో ఊహించినందుకు కెమిస్ట్రీ నోబెల్‌లో సగం డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకు ఇచ్చారు. హసాబిస్ డిగ్రీ కంప్యూటర్ సైన్స్‌లో. అదే ఏడాది ఫిజిక్స్ నోబెల్ పంచుకున్న జెఫ్రీ హింటన్ కేంబ్రిడ్జ్‌లో డిగ్రీ చేసింది సైకాలజీలో. అంతకుముందు 2009లో మన వెంకట్రామన్ రామకృష్ణన్ ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ చేసి, ఆ తర్వాత జీవశాస్త్రంలోకి వచ్చి, కెమిస్ట్రీలో నోబెల్ తీసుకున్నారు. వీళ్లను మా అరుగు మీద కూర్చోబెడితే పీఆర్ఓ ఏ సెక్షన్‌లో వేసేవాడో!

అంత దూరం ఎందుకు, మన బాపట్ల బీపీటీ 5204 చూడండి. 1986లో విడుదలైన సాంబ మసూరి. నలభై ఏళ్లుగా మన పళ్లెంలో ఉన్న ఆ వరిలోనే హైదరాబాద్ రాజేంద్రనగర్ శాస్త్రవేత్తలు ఒక జన్యువును సవరించి "కమల" అనే రకం తీశారు. 2025 మే 4న ప్రకటించారు. జన్యువు ఏ వరుసలో ఎక్కడుందో వెతకడం కంప్యూటర్ పని, సవరించి పండించడం పొలం పని. ఆ ల్యాబులో బైపీసీ వాళ్లు ఒక గదిలో, ఎంపీసీ వాళ్లు ఒక గదిలో కూర్చుంటే గింజ వచ్చేదా?

ఇంకో సంగతి నన్ను గుచ్చుతుంది. బ్రెజిల్‌లో పశువుల మందల్లో ఎటు చూసినా "నెలోరే" అనే జాతే. అవి మన ఒంగోలు పశువులే, పేరు మా నెల్లూరుది. పందొమ్మిదో శతాబ్దంలో ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది కదా. అక్కడ ఆ జాతిలో వయాటినా-19 అనే ఆవు విలువ 40 లక్షల డాలర్లు దాటి గిన్నిస్‌కు ఎక్కింది. తరాల తరబడి బరువులు తూచి, వంశావళి రాసుకుని, పిండాలు మార్పిడి చేసి వాళ్లు ఆ జాతిని పెంచారు. ఇక్కడ మనం సంక్రాంతికి బండలాగుడు పోటీ పెట్టి చప్పట్లు కొడుతున్నాం (నేనూ కొడతాను, అది వేరే సంగతి). వనామీ కథ దీనికి తిరగేసి ఉంటుంది. అది అమెరికా ఖండాల పసిఫిక్ తీరపు రొయ్య, 2009లో మన దేశంలో సాగుకు అనుమతించారు. త్వరగా పెరిగేలా తరాల కొద్దీ ఎంపిక చేసిన తల్లి రొయ్యలు ఇప్పటికీ విదేశాల నుంచి విమానంలో వచ్చి, చెన్నైలో క్వారంటైన్‌లో ఉండి, పిల్లలు తీసే హేచరీలకు చేరతాయి. జంతువు పక్కన లెక్క తెలిసినవాడు కూర్చున్న దేశం అమ్ముతోంది, మనం కొంటున్నాం.

మా బాబాయి ఈ వాదనంతా విని నవ్వాడు. "ఎవడి పని వాడు చేస్తే చాలదా? నువ్వు కోడ్ రాయి, మీ అక్క చేపలు చూసుకుంటది, ఇద్దరూ కలిసి పనిచేయండి." సబబైన మాటే. అందరూ అన్నీ చదవలేరు. కానీ కలిసి పనిచేయాలంటే ముందు ఆమెను పిలవాలని నాకు తోచాలి కదా. నాకు తోచలేదు. సెన్సర్ కొన్న రోజు నుంచి రొయ్యలు తేలిన రోజు దాకా, ముప్పై కిలోమీటర్లు కూడా లేని ముత్తుకూరుకు ఒక్క ఫోన్ చేయలేదు. నా ప్రాజెక్టులో బయాలజీ ఉందని తెలిస్తేనే గదా చేసేది.

నాయన అడిగేది ఇంకా కష్టమైన ప్రశ్న. "ఇవన్నీ బాగానే ఉన్నాయి, జీతం?" దీనికి నా దగ్గర గట్టి జవాబు లేదు. ఫిషరీస్ చదివినవాళ్లలో చాలామంది ఫీడ్ కంపెనీ బ్యాగు తగిలించుకుని బైకు మీద గుంటల చుట్టూ తిరుగుతున్నారు. ప్రభుత్వ పోస్టులు వేళ్ల మీద లెక్క. పైగా సైన్స్ ఎంత తెలిసినా 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు మా కొనుగోలుదారు చెప్పిన ధరకు అక్క చదువు గానీ నా మోడల్ గానీ అడ్డుపడలేదు. ఆ నెలలో 60 కౌంట్ (కిలోకు అరవై తూగే రొయ్య) పట్టుబడి చేసినవాళ్ల మొహాలు నేను చూశాను. కాబట్టి బీటెక్ మానేసి గుంటలో దిగండని ఎవరికీ చెప్పను. నేనూ మానెయ్యడం లేదు.

నెల్లూరు స్వర్ణాల చెరువులో రొట్టెల పండక్కి అమ్మ ఏటా పోతుంది. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, విదేశీ రొట్టె... కోరిక తీరినవాళ్లు నీళ్లలో నిలబడి రొట్టె ఇస్తారు, కోరుకునేవాళ్లు పట్టుకుంటారు. 2025లో మొహర్రం జులైలో వచ్చింది, అప్పుడు నా కోసం ఉద్యోగం రొట్టె పట్టింది. ఈసారి ఏది పట్టాలిరా అని అడుగుతోంది. నాకు కావలసిన దానికి పేరున్న రొట్టె ఉంటుందని అనుకోను. ఎంటెక్ సీటుకు రాసే గేట్‌లో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అండ్ ఇంజినీరింగ్ పేపరుంది, సీఎస్ఈ వాళ్లు కూడా రాయొచ్చు. దానికి చదువుతున్నా. అక్క పాత నోట్సులు తెచ్చుకున్నా. నీటి రసాయనం అర్థమవుతోంది, నీళ్లలో తేలే సూక్ష్మజీవుల (ప్లాంక్టాన్) పేర్లు నోరు తిరగడం లేదు. ఒకటి నేర్చుకునేలోగా ఇంకోటి మర్చిపోతున్నా.

ఇప్పుడు గుంటలో రెండు సెన్సర్లున్నాయి. ఒకటి పైన, ఒకటి ఇటుకకు కట్టి అడుగున. మోడల్ తీసేశాను. పైదానికీ కిందదానికీ తేడా ఒకటిన్నర దాటినా, కిందది మూడున్నరకు దిగినా మామ ఫోను మోగుతుంది. అంతా కలిపి నాలుగు లైన్ల కోడ్. ఏఐ అనే మాట అందులో ఎక్కడా లేదు, కాబట్టి రివ్యూలో మార్కులు కూడా పెద్దగా రాలేదు. మామ మాత్రం ఫోను మోగినా మోగకపోయినా రెండింటికీ, నాలుగింటికీ లేచి టార్చి వేస్తూనే ఉన్నాడు. సెన్సర్ మీద పాచి పట్టి తప్పు చూపించిన రోజులున్నాయి. ఆయన లేవడం మానొద్దనే నేనూ చెప్పాను.

ఈ ఏడాది మా చెల్లెలు పదో తరగతి రాసింది. ఇంటర్ బోర్డు 2025-26 నుంచి ఎంపీసీ వాళ్లు బయాలజీ కూడా కలిపి ఎంబైపీసీగా చదువుకునే వీలు కల్పించింది. అది చూసి, నాకదే కావాలంది. ఫలితాలు రాకముందే ఒక కాలేజీ పీఆర్ఓ వచ్చి, నేను చేరినప్పుడు ఇంకో ఆయన కూర్చున్న అరుగు మీదే కూర్చుని, "అలాంటి సెక్షన్ మా దగ్గర లేదు సార్, టైం సరిపోదు, ర్యాంకు పోద్ది" అన్నాడు. నాయన టీ ఇచ్చి, ఆలోచించి చెబుతానన్నాడు. అప్పటినుంచి రోజూ సాయంత్రం ఆరింటికి, సరిగ్గా మేత వేసే వేళకు ఫోన్ చేస్తాడు. నిన్నా చేశాడు. "అమ్మాయి ఉందా సార్, ఒకసారి నేను మాట్లాడతా" అన్నాడట. చెల్లెలు గట్టు కింద మోకాళ్ల లోతు నీళ్లలో ఉంది. అడుగు సెన్సర్ పైకి లాగి, పాత టూత్‌బ్రష్‌తో దాని మీది పాచి గోకుతోంది.